ఉపరితల బొగ్గు గనులలో నీటి నిర్వహణ

ఉపరితల బొగ్గు గనులలో నీటి నిర్వహణ అనగా, నేలను పైనుండి తవ్వి బొగ్గు తీసే గనులలోనికి వాన, వరద, ఊట రూపంలో చేరే నీటిని అడ్డుకొనుట, లోనికి వచ్చిన దానిని తోడి బయటకు పంపుట, పంపిన నీటిని శుభ్రపరచి వాగులకు, చెరువులకు లేదా ఇతర అవసరాలకు మళ్ళించుట అనే పనుల సముదాయం. ఈ గనులను తెలుగునాట ఓపెన్‌కాస్ట్ గనులు అని పిలుస్తారు. గని ఎంత లోతుకు పోతే చుట్టుపక్కల భూమికి అది అంత పల్లం అవుతుంది. అందువలన నీరు దానిలోనికి చేరుట సహజం. ఈ నీటి వలన ఉత్పత్తి ఆగుట, గోడలు, మట్టి గుట్టలు జారిపడుట, కార్మికుల ప్రాణాలకు ముప్పు, పరిసర గ్రామాలలో బావులు ఎండిపోవుట, వాగులు కలుషితమగుట వంటి సమస్యలు కలుగుతాయి.

తెలుగు రాష్ట్రాలలో ఈ సమస్య ప్రధానంగా గోదావరి లోయలోని సింగరేణి గనులకు సంబంధించినది. కృష్ణా జిల్లాలోని గన్నవరానికి నేరుగా సుమారు 80 కిలోమీటర్ల ఉత్తరాన, ఖమ్మం జిల్లా సత్తుపల్లి వద్ద ఇటువంటి గనులు ఉన్నాయి.

నేపథ్యం

గోదావరి లోయలో బొగ్గు ఉన్నట్లు 1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు పరిసరాలలో కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఇక్కడ తవ్వకం హక్కులు పొందినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడినది. కొత్తగూడెం కేంద్రంగా పనిచేసే ఈ సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నది.

మొదటి అనేక దశాబ్దాలు ఇక్కడ బొగ్గు తవ్వకం భూగర్భ గనులలోనే జరిగినది. 1970ల దశకంలో రామగుండం ప్రాంతంలో యాంత్రిక ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలైన తరువాత క్రమంగా ఆ పద్ధతిదే పైచేయి అయినది. 2023–24 ఆర్థిక సంవత్సరంలో సంస్థ ఉత్పత్తి సుమారు 7 కోట్ల టన్నులు కాగా, అందులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనులనుండే వచ్చినది. పెద్దపల్లి, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్, జయశంకర్ భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాలలో ఈ గనులు విస్తరించి ఉన్నాయి. సత్తుపల్లిలోని జలగం వెంగళరావు ఓపెన్‌కాస్ట్ గని వీటిలో ఒకటి.

ప్రాణహిత–గోదావరి లోయ సుమారు 350 కిలోమీటర్ల పొడవున సాగే గోండ్వానా శిలల పట్టీ. దీనిలో బొగ్గు పొరలు ముఖ్యంగా బరాకర్ శిలలలో ఉంటాయి. బొగ్గు పొరల మధ్య, పైన ఇసుకరాయి పొరలు ఉంటాయి. ఇసుకరాయి రేణువుల మధ్య సందులలో, పగుళ్ళలో భూగర్భజలం నిలువ ఉంటుంది. బొగ్గును చేరుటకు ఈ ఇసుకరాయిని తొలగించక తప్పదు. అనగా బొగ్గు కొరకు తవ్వే గోయి, అదే సమయంలో ఒక పెద్ద దిగుడుబావి వలె పనిచేస్తుంది.

గనిలోనికి నీరు చేరే మార్గాలు

గనిలోనికి నీరు నాలుగు విధాలుగా చేరుతుంది.

1. గని గోతిపై నేరుగా కురిసే వాన. గోదావరి లోయలో ఏడాది వర్షంలో ఎక్కువ భాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలంలోనే పడుతుంది. 500 హెక్టార్ల విస్తీర్ణంగల గోతిపై ఒక రోజు 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే 5 లక్షల ఘనపు మీటర్లు, అనగా 50 కోట్ల లీటర్ల నీరు పడినట్లు. గంటకు 500 ఘనపు మీటర్లు తోడగల పంపులు పది కలిసి ఎడతెగక పనిచేసినా దానిని ఖాళీ చేయుటకు 100 గంటలు పడుతుంది. ఈలోగా మరొక వాన వస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

2. చుట్టుపక్కల మిట్టలనుండి పారివచ్చే నీరు. గనికి ఎగువన ఒక చదరపు కిలోమీటరు నేల ఉండి, గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున వాన కురిసి, అందులో 60 శాతం పారినదనుకొంటే గంటకు 30,000 ఘనపు మీటర్ల నీరు గనివైపు వస్తుంది. పైన చెప్పిన పంపులు అరవై ఉంటే తప్ప ఈ ప్రవాహాన్ని తోడలేవు. అందుచేత ఈ నీటిని లోనికి రానివ్వకుండుటే సరియైన మార్గం.

3. ఇసుకరాయి పొరలనుండి వచ్చే ఊట. ఇది వాన నీటివలె ఒక్కసారిగా రాదు గాని ఏడాది పొడవునా ఆగదు. గని సమీపంలో నది గాని, జలాశయం గాని ఉన్నచో ఊట పెరుగుతుంది.

4. పాత భూగర్భ గనులలో నిలిచిన నీరు. సింగరేణిలో అనేక చోట్ల పూర్వం భూగర్భ గనులుగా పనిచేసిన ప్రదేశాలలోనే తరువాత ఓపెన్‌కాస్ట్ తవ్వకం చేపట్టారు. వదలివేసిన పాత సొరంగాలలో ఏళ్ళ తరబడి నీరు చేరి ఉంటుంది. పైనుండి తవ్వుకుంటూ పోయినపుడు ఈ నీరు ఒక్కసారిగా బయటపడవచ్చు. పై నాలుగింటిలో ముందు హెచ్చరిక లేకుండా వచ్చే ప్రమాదం ఇదే.

నీటిని అడ్డుకొనుట

గని చుట్టూ ఎగువ వైపున తవ్వే కాలువను గార్లాండ్ డ్రెయిన్ అంటారు. దండ వలె గనిని చుట్టి ఉండుటచే దీనికి ఆ పేరు వచ్చినది. పై ఉదాహరణలోని గంటకు 30,000 ఘనపు మీటర్ల ప్రవాహం అనగా సెకనుకు సుమారు 8.3 ఘనపు మీటర్లు. నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో పారుతుందనుకొంటే, దీనికి 3 మీటర్ల వెడల్పు, దాదాపు 1.4 మీటర్ల లోతు ఉన్న కాలువ కావలెను. కాలువ వాలు మరీ తక్కువైతే ఒండ్రు పేరుకొని పూడిపోతుంది. మరీ ఎక్కువైతే కాలువ అడుగు కోసుకుపోతుంది. వేసవి చివర ఈ కాలువల పూడిక తీయకపోతే, తొలి పెద్దవానకే గట్టు తెగి నీరంతా గనిలో పడుతుంది.

గని హద్దులో వాగు ఉన్నచో దానిని ముందుగానే పక్కకు మళ్ళించవలెను. మళ్ళింపు కాలువను పాత వాగు సాధారణ ప్రవాహానికి గాక, అరుదుగా వచ్చే పెద్ద వరదకు సరిపడునట్లు నిర్మిస్తారు. నది ఒడ్డున ఉన్న గనులకు కరకట్టలు తప్పనిసరి. కరకట్టను వట్టి మట్టి గుట్టగా పోస్తే చాలదు. నడుమ నీరు ఇంకని బంకమట్టిని పొరలు పొరలుగా పోసి దట్టించుట, నది వైపు రాతి కట్టుబడి చేయుట, గని వైపు ఊటనీటికి దారి కల్పించుట అవసరం. కట్టలో ఎలుక బొరియలు, చెట్ల వేళ్ళ వెంబడి ఏర్పడే బుంగలు గండికి దారితీస్తాయి.

గోదావరి ఒడ్డున ఉన్న మణుగూరు, రామగుండం ప్రాంతాలలో ఈ కట్టల ఎత్తును నిర్ణయించుటకు నది పూర్వపు వరద మట్టాలే ఆధారం. భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. 2022 జూలై వానలకు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులలో బొగ్గు తవ్వకం నిలిచిపోయినది.

భారతదేశంలో బొగ్గు గనులకు వర్తించే నిబంధనల ప్రకారం గని ప్రవేశ ద్వారం ఆ ప్రదేశంలో నమోదైన అత్యధిక వరద మట్టానికి కనీసం 1.5 మీటర్ల ఎత్తున ఉండవలెను. నది, కాలువ, చెరువుల అడుగున గాని, వాటి ఒడ్డునుండి 15 మీటర్ల లోపల గాని అనుమతి లేకుండా తవ్వకూడదు. నీరు నిలిచిన పాత గనికి 60 మీటర్ల దూరంలోనికి పని చేరితే ప్రత్యేక జాగ్రత్తలు తీసుకొనవలెను. ముందుగా బోర్లు వేసి అవతల నీరు ఉన్నదీ లేనిదీ పరీక్షించుట వీటిలో ముఖ్యమైనది. ఈ నిబంధనల అమలును గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షిస్తుంది. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల స్థానంలో 2017లో కొత్త నిబంధనలు వచ్చినవి.

నీటిని తోడుట

గోతి అడుగున అన్నిటికంటె పల్లమైన చోట సంపు తవ్వుతారు. గనిలోని మెట్లవంటి బెంచీలకు స్వల్పమైన వాలు ఇచ్చి, నీరు చిన్న కాలువల ద్వారా సంపునకు చేరునట్లు చేస్తారు. సంపు రెండు పనులు చేస్తుంది. ఒకటి, పంపులు తోడలేనంత నీరు ఒక్కసారిగా వచ్చినపుడు దానిని కొంతకాలం దాచి ఉంచుట. రెండవది, నీటిలోని ఇసుక, బొగ్గు నలుసు అడుగునకు దిగుటకు వ్యవధి ఇచ్చుట. గని ముందుకు సాగినకొద్దీ పల్లం కూడా జరుగుతుంది కనుక సంపు శాశ్వతం కాదు. ఏటా వానాకాలానికి ముందు సంపు ఎక్కడ ఉండవలెనో, ఏ బొగ్గు పొరను నీట మునగనిచ్చి ఏ పొరలో పని కొనసాగించవలెనో ముందే నిశ్చయించుకొంటారు.

సాధారణ అపకేంద్ర పంపు నీటిని పీల్చుట వాతావరణ పీడనంపై ఆధారపడి ఉంటుంది. సిద్ధాంతరీత్యా సుమారు 10.3 మీటర్లు, ఆచరణలో ఆరేడు మీటర్ల లోతు మించి నీటిని పీల్చలేదు. సంపులో నీటిమట్టం పెరిగితే ఒడ్డున ఉన్న పంపు మునుగుతుంది, తగ్గితే పంపునకు నీరు అందదు. ఈ చిక్కును తప్పించుటకు పంపును తేలియాడే తెప్పపై అమర్చుట, లేదా నీటిలో మునిగి పనిచేసే సబ్‌మెర్సిబుల్ పంపులు వాడుట జరుగుతున్నది.

నీటిని పైకి నెట్టుటకు అయ్యే విద్యుత్తు కూడా తక్కువ కాదు. ఒక ఘనపు మీటరు నీటిని 150 మీటర్ల ఎత్తుకు చేర్చుటకు సిద్ధాంతరీత్యా 0.41 యూనిట్లు కావలెను. పంపు, మోటారు, గొట్టాల నష్టాలు కలుపుకొని దాదాపు 0.6 యూనిట్లు అవుతుంది. ఈ లెక్కన పైన చెప్పిన 5 లక్షల ఘనపు మీటర్ల నీటిని ఒక్కసారి తోడుటకు సుమారు 3 లక్షల యూనిట్లు ఖర్చు అవుతాయి. లోతైన గనులలో ఒకే పంపుతో పైకి చేర్చుట కష్టం. నడిమి బెంచీలపై మరొక సంపు ఏర్పరచి దశలవారీగా తోడుతారు.

గని నీటిలోని ఇసుక పంపు లోపలి చక్రాన్ని అరగదీస్తుంది. పిడుగులు పడే వానలలోనే విద్యుత్తు సరఫరా తరచు నిలిచిపోతుంది. పంపులు అత్యవసరమైన వేళ కూడా అదే. అందువలన విడి పంపులు, రెండవ విద్యుత్ లైను లేదా డీజిల్ పంపులు సిద్ధంగా ఉంచుట నీటి నిర్వహణలో భాగమే.

గోడలు, మట్టి గుట్టల స్థిరత్వం

నీరు కనిపించే చోట కంటె కనిపించని చోట ఎక్కువ హాని చేస్తుంది. గని గోడలోని రాతి పొరలు ఒకదానిపై ఒకటి నిలిచి ఉండుటకు వాటి మధ్య ఒరిపిడి కారణం. పగుళ్ళలో నీరు నిండినపుడు ఆ నీటి పీడనం పై పొరను కొంత ఎత్తిపట్టినట్లు అవుతుంది. దానితో ఒరిపిడి తగ్గి, పై భాగం జారుతుంది. బొగ్గు పొరల మధ్య ఉండే పలుచని బంకమట్టి పొర తడిసినచో జారుడు బల్ల వలె మారుతుంది. వాన వెలిసిన తరువాత ఎండ కాస్తున్నపుడు కూడా గోడ కూలుటకు కారణం ఇదే: పైన నేల ఆరినా లోపలి నీటి పీడనం ఇంకా తగ్గి ఉండదు.

తొలగించిన మట్టి, రాయి కలిపి పోసిన గుట్టలను ఓబీ డంపులు అంటారు. తవ్వి పోసిన మట్టి వదులుగా ఉండి నీటిని త్వరగా పీల్చుకొంటుంది. గుట్ట అడుగున పూర్వపు వాగు గాని, నల్లమట్టి పొర గాని ఉన్నచో మొత్తం గుట్ట కదులుతుంది. 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని రాజమహల్ ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి గుట్ట కూలి 23 మంది కార్మికులు మరణించిన సంఘటన, ఇటువంటి గుట్టలు ఎంత ప్రమాదకరమో తెలుపుతుంది.

నివారణకు గోడ అంచున కనిపించిన పగుళ్ళను వెంటనే బంకమట్టితో పూడ్చుట, గోడలోనికి అడ్డంగా రంధ్రాలు వేసి నీటిని బయటకు రప్పించుట, పీజోమీటర్లతో లోపలి నీటి పీడనాన్ని కొలుచుట, గుట్టలను మెట్లుగా పోసి ప్రతి మెట్టుకు లోవాలు ఇచ్చుట, వాటిపై గడ్డి, చెట్లు పెంచుట చేస్తారు. పెద్ద గనులలో గోడ కదలికను రాడార్ ద్వారా నిరంతరం గమనిస్తారు.

ఉత్పత్తిపై ప్రభావం

వానాకాలంలో ఉత్పత్తి తగ్గుటకు సంపులో నిలిచిన నీరు ఒక్కటే కారణం కాదు. బొగ్గు, మట్టి మోసే భారీ డంపర్లు నడిచే రోడ్లు మట్టితో వేసినవి. చిన్న వానకే అవి జారుడుగా మారుతాయి. వాలు రోడ్డుపై నిండు లోడుతో ఉన్న డంపరుకు బ్రేకు పట్టకపోతే ప్రాణాపాయం. కనుక రోడ్డు ఆరువరకు రవాణా ఆపివేస్తారు. రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులు పల్లంగా ఉండునట్లు మొరంతో దట్టించి, పక్క కాలువలు శుభ్రంగా ఉంచితే ఈ నష్టం తగ్గుతుంది.

పేలుడు పనులకు కూడా నీరు అడ్డంకి. అమ్మోనియం నైట్రేటు, డీజిల్ మిశ్రమం చవకైన పేలుడు పదార్థం. కాని అమ్మోనియం నైట్రేటు నీటిలో కరుగుతుంది. తడి రంధ్రాలలో నీటికి చెడని ఎమల్షన్ రకం వాడవలెను. కరిగిన నైట్రేటు గని నీటిలో కలిసి బయటకు పోవుట మరొక సమస్య.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన భారీ వర్షాలకు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులలో పని నిలిచినది. అదే వర్షాలకు ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగి పట్టణ ప్రాంతాలను ముంచినవి. బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడుట విజయవాడ ముంపునకు ముఖ్య కారణం. మళ్ళించిన వాగు, దానికి కట్టిన గట్టు, ఆ గట్టుపై ఆధారపడి పల్లంలో బ్రతికే ప్రజలు – ఈ మూడింటి సంబంధం ఓపెన్‌కాస్ట్ గని విషయంలోనూ ఇదే.

ముఖ్యమైన ప్రమాదాలు

గనులలోనికి నీరు చొరబడిన ప్రమాదాలలో ప్రాణనష్టం అధికంగా భూగర్భ గనులలో జరిగినది. అయితే పలు సందర్భాలలో నీరు వచ్చినది ఉపరితలంనుండి లేదా పాత గనులనుండి కనుక, ఓపెన్‌కాస్ట్ ప్రణాళికలకు కూడా ఇవి పాఠాలు.

1975 డిసెంబరు 27న ప్రస్తుత జార్ఖండ్‌లోని చాస్నాలా గనిలోనికి పాత గనిలో నిలిచిన నీరు చొరబడి 375 మంది మరణించారు. 1995 సెప్టెంబరులో ధన్‌బాద్ సమీపాన గజ్లీటాండ్ గనిలోనికి కత్రీ నది వరద ప్రవేశించి 64 మంది మరణించారు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్ఈపీ గనిలో నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించారు. 2018 డిసెంబరు 13న మేఘాలయలోని క్సాన్ వద్ద అనధికార బొగ్గు గనిలో నీరు చొరబడి 15 మంది చిక్కుకుపోయారు.

ఓపెన్‌కాస్ట్ గనులలో, 2008 జనవరిలో ఆస్ట్రేలియాలోని ఎన్‌షామ్ గనిలోనికి నొగోవా నది వరద ప్రవేశించి భారీ తవ్వకం యంత్రం కూడా నీట మునిగినది. 2012 జూన్‌లో అదే దేశంలోని యాలోర్న్ గనిలో, గని మీదుగా మళ్ళించిన మోర్వెల్ నది కాలువ తెగి నీరు గనిలో పడినది. మళ్ళించిన నది గట్టును గని పనిచేసినంత కాలం కనిపెట్టుకొని ఉండవలెనని ఈ సంఘటన తెలుపుతుంది.

భూగర్భజలంపై ప్రభావం

గనిలో నీటిని తోడినపుడు చుట్టూ భూగర్భజల మట్టం గరాటు ఆకారంలో దిగుతుంది. గని సమీపంలో ఎక్కువగా, దూరం పోయినకొద్దీ తక్కువగా ఈ దిగుదల ఉంటుంది. ఇది ఎంత దూరం వ్యాపించునన్నది ఇసుకరాయి గుండా నీరు పారే శక్తిపై, గని లోతుపై, మధ్యలో ఉన్న భ్రంశాలపై ఆధారపడుతుంది. గ్రామంలోని చేదబావి పది మీటర్ల లోతుదైతే, నీటిమట్టం కొద్దిమీటర్లు దిగినా అది ఎండిపోతుంది. దాని యజమానికి గని నీటి పంపులు కనిపించవు, ఫలితం మాత్రం తెలుస్తుంది. అందువలన గని మొదలు కాకముందే చుట్టుపక్కల బావుల నీటిమట్టాలను రుతువులవారీగా నమోదు చేయుట అవసరం. పూర్వపు కొలతలు లేనిచో, బావి ఎండినది గని వలననా, వర్షాభావం వలననా, పక్క బోర్ల వలననా అని తేల్చుట కష్టం. గనికి, ఊరికి న్యాయం జరుగుటకు ఈ కొలతలే సాక్ష్యం.

కొన్నిచోట్ల బొగ్గు పొర క్రింద కూడా ఒత్తిడిలో ఉన్న జలం ఉంటుంది. తమిళనాడులోని నైవేలీ లిగ్నైట్ గని దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అక్కడ లిగ్నైట్ క్రింది పొరలోని నీరు చదరపు సెంటీమీటరుకు 6 నుండి 8 కిలోల పీడనంతో పైకి నెడుతుంది. పైనున్న మట్టి బరువు తొలగించిన వెంటనే ఈ పీడనం గని అడుగును బద్దలు చేయగలదు. కనుక గని చుట్టూ లోతైన బోర్లు వేసి నిరంతరం నీటిని తోడుతూ పీడనాన్ని అదుపులో ఉంచుతారు. తోడిన నీటిని విద్యుత్ కేంద్రానికి, పట్టణ అవసరాలకు వాడుకొంటున్నారు.

నీటి నాణ్యత

గనినుండి వచ్చే నీటిలో సన్నని మట్టి, బొగ్గు నలుసు, యంత్రాలనుండి కారిన నూనె, నైట్రేటు ఉండవచ్చు. భారత ప్రభుత్వ పర్యావరణ నిబంధనల ప్రకారం కొత్త బొగ్గు గనులనుండి బయటకు వదలే నీటిలో తేలియాడే ఘనపదార్థాలు లీటరుకు 100 మిల్లీగ్రాములు, నూనె 10 మిల్లీగ్రాములు మించరాదు. పీహెచ్ విలువ 5.5 నుండి 9 మధ్య ఉండవలెను.

మట్టిని వేరుచేయుటకు తేర్పు చెరువులు వాడుతారు. 0.01 మిల్లీమీటరు వ్యాసంగల రేణువు నిలకడ నీటిలో ఒక మీటరు లోతుకు దిగుటకు సుమారు 3 గంటలు పడుతుంది. వ్యాసం అందులో పదోవంతు అయితే వేగం వందోవంతుకు పడిపోయి, అదే లోతుకు దాదాపు 13 రోజులు పడుతుంది. బంకమట్టి నీరు ఎన్నాళ్ళకూ తేరుకొనకపోవుటకు కారణం ఇదే. అటువంటి నీటికి పటిక వంటి పదార్థాలు కలిపి రేణువులు ముద్దగా చేరునట్లు చేస్తారు. అంతకంటె మేలైన పని, మట్టి గుట్టలపై గడ్డి పెంచి మట్టి కొట్టుకుపోకుండా చూచుట.

బొగ్గులో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఎక్కువగా ఉన్నచో అది గాలి, నీటితో కలిసి గంధకామ్లంగా మారుతుంది. మేఘాలయ జయింతియా కొండలలో ఈ ఆమ్ల జలం వలన నదులలో చేపలు నశించినవి. గోండ్వానా బొగ్గులో గంధకం సాధారణంగా ఒక శాతం లోపే కనుక గోదావరి లోయలో ఈ సమస్య తీవ్రత తక్కువ. ఇక్కడ ముఖ్య సమస్య బురదే. పొలాలలోనికి, చెరువులలోనికి ఈ బురద చేరితే నేల పైపొర గట్టిపడి పంటకు పనికిరాకుండా పోతుంది, చెరువు నిలువ సామర్థ్యం తగ్గుతుంది.

శుభ్రపరచిన గని నీటిని రోడ్లపై దుమ్ము అణచుటకు, యంత్రాల శుభ్రతకు, మొక్కల పెంపకానికి, శుద్ధి చేసిన మీదట కాలనీల అవసరాలకు, గ్రామ చెరువులు నింపుటకు ఉపయోగిస్తారు. వేసవిలో చెరువులు ఎండిన కాలంలో గనిలో ఊట ఆగదు కనుక, ఈ నీరు రైతులకు అప్పుడు ఎక్కువ విలువైనది. అయితే గని మూతపడి పంపులు ఆగిన నాడు ఈ సరఫరా కూడా ఆగుతుంది. దీనిపై ఆధారపడిన ఆయకట్టుకు ముందే ప్రత్యామ్నాయం చూడవలసి ఉంటుంది.

కృష్ణా డెల్టాతో సంబంధం

గన్నవరం పరిసరాలలో బొగ్గు గనులు లేవు. అయినను ఈ ప్రాంతానికి గోదావరి లోయ గనులతో రెండు విధాల సంబంధం ఉన్నది. విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు తాప విద్యుత్ కేంద్రానికి ఒడిశాలోని తాల్చేరుతో పాటు సింగరేణినుండి కూడా బొగ్గు వస్తున్నది. వానాకాలంలో గనులు నిలిచినపుడు ఇటువంటి కేంద్రాలు తమ నిలువలపై ఆధారపడవలసి వస్తుంది. రెండవది నీటి సంబంధం. 2015లో ప్రారంభమైన పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు పోలవరం కుడి కాలువలో గన్నవరం ప్రాంతం గుండా సాగి, ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలిసి డెల్టా కాలువలకు చేరుతున్నది. ఎగువన గోదావరి ఉపనదులలోనికి గనులు వదలే నీటి నాణ్యత దిగువ ప్రాంతాలకు కూడా సంబంధించిన విషయమే.

గోండ్వానా శిలల పట్టీ దక్షిణాన చింతలపూడి వరకు వ్యాపించి ఉన్నది. చింతలపూడి, సోమవరం పరిసరాలలో జరిగిన అన్వేషణలలో లోతున బొగ్గు పొరలు బయటపడినవి. ఈ మెట్ట ప్రాంతంలో ఆయిల్ పామ్ వంటి తోటలు ప్రధానంగా లోతైన బోరుబావులపై ఆధారపడి ఉన్నాయి. బొగ్గు పైనున్న ఇసుకరాయి పొరలే ఈ బోర్లకు నీరిచ్చేవి. భవిష్యత్తులో ఇక్కడ ఏ రూపంలోనైనా తవ్వకం చేపట్టవలెనన్న, గనిని పొడిగా ఉంచుటకు తోడవలసిన నీరు, తోటలు వాడుకొనే నీరు ఒకటే కావుట మొదట పరిష్కరించవలసిన సమస్య అవుతుంది.

గని మూసివేత తరువాత

బొగ్గు అయిపోయి పంపులు ఆపిన తరువాత, భూగర్భజలం తిరిగి పైకి లేచి గోయి క్రమంగా సరస్సుగా మారుతుంది. 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ గని మూసివేత ప్రణాళికలను తప్పనిసరి చేస్తూ మార్గదర్శకాలు జారీచేసినది. ప్రతి గనికి మూసివేత ఖర్చును ముందుగానే ప్రత్యేక ఖాతాలో జమచేయవలసి ఉంటుంది.

జర్మనీలోని లుసేషియా ప్రాంతంలో లిగ్నైట్ గోతులను నీటితో నింపి సరస్సులుగా తీర్చిదిద్దారు. వాటిలో సెన్‌ఫ్టెన్‌బర్గ్ సరస్సు విహార కేంద్రంగా పేరొందినది. గోదావరిఖని వద్ద గోదావరి సమీపంలోని మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గోతిని, పగటి పూట నీటిని ఎత్తి అవసరమైన వేళ క్రిందికి వదలి విద్యుత్తు తయారుచేసే పంప్‌డ్ స్టోరేజి కేంద్రానికి వాడుకొనుటకు సింగరేణి సంస్థ ప్రతిపాదించినది. ఎన్నో ఏళ్ళు నీటిని బయటకు తోడిన గోతిలోనే నీటిని నిలుపుకొనుట ఈ ప్రతిపాదనలోని విశేషం.

అయితే ప్రతి గోయి మంచి సరస్సు కాజాలదు. చెరువుకు ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది. గని గోయికి అంచు నిటారుగా ఉండి, రెండడుగులు దాటితే లోతు పదుల మీటర్లు ఉంటుంది. ఈతకు, పశువులను కడుగుటకు దిగినవారు తిరిగి ఒడ్డు ఎక్కలేరు. నీటిమట్టం పెరిగినకొద్దీ తడిసిన గోడలు, గుట్టలు మళ్ళీ జారవచ్చు. కనుక గోతి అంచులను వాలుగా మలచుట, కంచె వేయుట, నీటిమట్టం, నాణ్యతలను మూసివేత తరువాత కూడా కొలుచుట అవసరం. గని నుండి బొగ్గు వచ్చుట ఒకనాటికి ఆగినను, నీరు చేరుట ఆగదు.